మోటరు ఎవలది వాళ్లదే, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అందరిది – యాభై ఏండ్ల కరెంటు ఆదా ముచ్చట



పోస్టు పెద్దగనే ఉంటది. తీరుబడిగ కూసోని చదువుండ్రి. ఈసారి మన బాయికాడి మోటరు చరిత్ర రాస్తున్న. మోటరు తక్కువ కరెంటు తాగి ఎక్కువ నీళ్లు పోయాలె, కాలకుండ ఉండాలె అని సర్కార్లు ఎప్పుడు ఏం పైసలు పెట్టినయి, ఎవరు పరిశోధన చేసిన్రు, అది మన పొలం దాకా ఎందుకు పూర్తిగ రాలేదు అన్నదే ఈ ముచ్చట. ఇందులో మన సిరిసిల్లకు పెద్ద భాగమే ఉన్నది. దేశం దాటి జర్మనీ నుంచి వచ్చి మన మోటర్ల మీద పరిశోధన చేసిపోయిన్రు. ఆ సంగతి మనలో చాలా మందికి ఎరుక లేదు.

మొదలు కాడికెల్లి వద్దాం.

మన తాతల కాలంల మోటకొట్టుడే. 1960ల నడుమ దేశంల పెద్ద కరువు వచ్చింది. అమెరికా నుంచి ఓడల్ల గోధుమలు వస్తే తిన్న రోజులు అవి. ఆ దెబ్బతోని సర్కారుకు ఒకటి సమజయ్యింది. వానను నమ్ముకుంటే కాదు, బాయికి కరెంటు ఇయ్యాలె. గ్రామీణ పరపతి మీద బి. వెంకటప్పయ్య అధ్యక్షతన ఒక కమిటీ వేసిన్రు. పల్లెలకు కరెంటు ఇచ్చేటందుకు ప్రత్యేకంగ ఒక సంస్థ పెట్టాలని ఆ కమిటీ చెప్పింది. అట్ల 1969ల గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టింది. ఆర్‌ఈసీ అంటే అదే. అమెరికా గోధుమలు అమ్మిన రూపాయలు, పీఎల్ 480 పైసలు అంటరు చూడు, అవి కూడ ఈ సంస్థ పెట్టుబడిల కలిసినయి.

ఆ సంస్థ మొదట చేసిన ప్రయోగాలల్ల ఒకటి ఏందంటే, కరెంటు బోర్డు చేతుల కాకుండ రైతులే సభ్యులుగ ఉండే సహకార సంఘం చేతుల కరెంటు పెట్టి చూసుడు. అమెరికా పల్లెలల్ల అట్లాంటి సంఘాలు 1930ల నుంచే ఉన్నయి. మన దేశం మొత్తంల మొదటి విడత అయిదు జాగలు ఎంచుకున్నరు. గుజరాత్‌ల కోడినార్, మహారాష్ట్రల ముళా ప్రవర, కర్ణాటకల హుక్కేరి, ఉత్తరప్రదేశ్‌ల లక్నో, అయిదోది మన కరీంనగర్ జిల్లా సిరిసిల్ల. 1970ల సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం మొదలయ్యింది. మనం 'సెస్' అంటం. కరెంటు కనెక్షన్ ఉన్నోడే అందుల సభ్యుడు. డైరెక్టర్లను ఓట్లేసి ఎన్నుకుంటరు. తర్వాత కరెంటు బోర్డు ముక్కలయినా, రాష్ట్రమే రెండయినా సెస్ మాత్రం ఇప్పటికీ నడుస్తున్నది. ఈ సంగతి యాదిల పెట్టుకోండ్రి, మళ్ల దీని కాడికే వస్తం.

అదే కాలంల గోదావరి ఒడ్డున రామగుండంల 62.5 మెగావాట్ల కేంద్రం 1971ల నడుపుడు మొదలయ్యింది. 1978ల అదే రామగుండంల ఎన్టీపీసీ పెద్ద ప్రాజెక్టుకు పునాది పడ్డది. 1983ల మొదటి యూనిట్ తిరిగింది. పెరిగి పెరిగి 2,600 మెగావాట్లు అయ్యింది. గోదావరి ఆవల మంచిర్యాల దిక్కు, పాత ఆదిలాబాద్ జిల్లా జైపూర్ కాడ, సింగరేణి సొంత కేంద్రం 1,200 మెగావాట్లతోని 2016ల వచ్చింది. అంటే బొగ్గు మన భూమిలదే, పొగ మన మీదనే, కరెంటు మాత్రం మిగిలిన దక్షిణ రాష్ట్రాలకు కూడ పోతది. ఒక్క యూనిట్ కరెంటుకు సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలుతది. మన మోటరు దండుగగ తాగిన ప్రతి యూనిట్ వెనుక మన సింగరేణి బొగ్గు పెళ్లలు ఉన్నయి. 'ఫ్రీ కరెంటే గదా' అనుకునేటోళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలె.

ఇగ పరిశోధన కాడికి వద్దాం.

బాయిలకు కరెంటు వచ్చిన కొత్తల ఎవరూ మోటరు ఎంత తాగుతుందో చూడలేదు. పంపు అమ్మినోడు అమ్మిండు, బ్యాంకోడు అప్పిచ్చిండు, మేస్త్రీ బిగించిండు. 1970ల ఆఖరుల డీజిల్ ధర మండిపోయినంక ఢిల్లీకి సోయి వచ్చింది. డీజిల్, పెట్రోలు పొదుపు కోసం 1978ల పీసీఆర్ఏ అనే సంస్థ పెట్టిన్రు. డీజిల్ ఇంజన్ పంపులు ఎట్ల సరిచేయాలో చూపెట్టుడు కూడ దాని పనులల్ల ఒకటి. అదే కాలంల గుజరాత్‌ల అహ్మదాబాద్ సహకార శిక్షణ సంస్థల ఎస్.ఎం. పటేల్ అనే ఆయన పొలాలకు పోయి పంపులను ఒక్కొక్కటి కొలిచిండు. నీళ్లు ఎన్ని వస్తున్నయి, కరెంటు ఎంత పోతుంది, తేడా ఏడ ఉన్నది అని లెక్క తీసిండు.

ఆ కొలతలల్ల తేలింది ఇనుండ్రి. తప్పంతా మోటరుది కాదు. బాయిల కింద ఉండే ఫుట్‌వాల్వు రంధ్రాలు ఇరుకు. నీళ్లు లోపలికి పోవుడుకే పంపు గుంజులాడాలె. దానిపైన తుప్పు పట్టే ఇనుప పైపు, అది కూడ సన్నది. పైన అక్కరలేని వంపులు, బెండులు. రైతు 5 హెచ్‌పీ పంపు బిగిస్తే అందుల చాలా శక్తి నీళ్లు ఎత్తుడుకు కాదు, పైపుతోని కొట్లాడుడుకే పోతున్నది. ఫుట్‌వాల్వు, పైపులు మార్చితేనే దాదాపు 30 శాతం ఆదా. పంపు, మోటరు కూడ మంచిది పెడితే సగం దాకా ఆదా. ఇది సదువుకున్నోళ్లు బల్ల మీద రాసిన లెక్క కాదు, పొలంల కొలిచిన లెక్క.

మనకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, మన 5 హెచ్‌పీ మోటరు గంటకు సుమారు 5 యూనిట్లు తాగుతది. ఏడు గంటలు నడిస్తే 35 యూనిట్లు. 30 శాతం అంటే దినానికి పది యూనిట్ల పైమాటే. నీళ్లు అవే, మడి అదే.

1980లల్ల ఆర్‌ఈసీ ఈ పనికి పైసలు పెట్టింది. రాష్ట్రాలల్ల పంపుల సవరణ పథకాలు నడిపించింది. ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే సంస్థ పంపులకే కాదు, వ్యవసాయ పంపు వ్యవస్థ మొత్తం ఎట్ల ఉండాలె, పైపు ఎంత మందం, ఫుట్‌వాల్వు ఎట్లది, అని ప్రమాణాలు రాసింది. గట్టి పీవీసీ పైపులు, హెచ్‌డీపీఈ నల్ల పైపులు పల్లెలకు వచ్చినయి. ఇయ్యాల మన దగ్గర ఇనుప పైపు ఎతికినా దొరకదు. ఈ మార్పు ఎవరో చెప్తే రాలేదు. పీవీసీ అగ్గువ, మోసుడు అల్క, తుప్పు పట్టది. రైతుకు సొంత లాభం కండ్లకు కనబడ్డది కాబట్టి తనంతట తనే మార్చుకున్నడు. ఇది కూడ యాదిల పెట్టుకోండ్రి.

మరి మోటరు సంగతి ఎందుకు అట్ల కాలేదు? దానికి లెక్క వేరే ఉన్నది.

అంతకుముందు బాయికాడ మీటర్లు ఉండేవి. 1980ల మొదట్ల మీటర్లు పోయి హెచ్‌పీకి ఇంత అని స్లాబు వచ్చింది. ఎన్టీఆర్ సర్కారుల ఏడాదికి హెచ్‌పీకి 50 రూపాయలు కట్టుడు మన పెద్దమనుషులకు ఇప్పటికీ యాదికున్నది. రైతుకు అది ప్రాణం పోసింది, అందుల అనుమానం లేదు. కాలువ నీళ్లు ఉన్నోడికి నీళ్లు అగ్గువ, బాయి ఉన్నోడికి ఎందుకు పిరం కావాలె అన్న న్యాయం అందుల ఉన్నది. కాని ఒక్కటి జరిగింది. మోటరు తక్కువ తాగినా ఎక్కువ తాగినా రైతు కట్టేది ఒక్కటే అయ్యింది. అప్పటి నుంచి మంచి మోటరు కొంటే ఆదా అయ్యే కరెంటు రైతు జేబుల పడదు, బోర్డు జేబుల పడతది. మోటరుకు పైసలు పెట్టాల్సింది మాత్రం రైతే. మరి ఎవడు కొంటడు?

పేరు మీద 3 హెచ్‌పీ రాయించుకోని లోపల 5 హెచ్‌పీ వైండింగ్ చేయించుడు కూడ ఆ కాలంల మొదలయ్యింది. కాలిన మోటరును మేస్త్రీ కాడ మళ్ల మళ్ల చుట్టించుడు అలవాటయ్యింది. ప్రతి రీవైండింగ్‌కు మోటరు సత్తువ కొంత తగ్గుతనే ఉంటది. అందుల సన్న తీగ, తక్కువ చుట్లు వేసిండంటే ఇగ చెప్పొద్దు.

1999ల కరెంటు బోర్డును ముక్కలు చేసిన్రు. ప్రపంచ బ్యాంకు అప్పుతోని సంస్కరణలు అన్నరు. 2000ల చార్జీలు పెంచిన్రు. ఆ ఏడు ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్ కాడ కాల్పులల్ల ముగ్గురు పాణాలు ఇడిసిన్రు. కరెంటు ముచ్చట ఎంత మంట పెట్టే ముచ్చటనో అప్పుడు సర్కార్లకు సమజయ్యింది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగ మొదటి సంతకం ఉచిత కరెంటు మీద పెట్టిండు.

ఆ తర్వాత ఏడాది జరిగింది చాలా మంది మర్చిపోయిన్రు. 2005ల ఉచిత కరెంటుకు షరతులు పెట్టిన్రు. తరి భూమి అయితే రెండున్నర ఎకరాలు దాటొద్దు, మెట్ట అయితే మూడు కనెక్షన్లు దాటొద్దు. వాటితోని పాటు నాలుగు పనులు చేయాలె. ఒకటి, ఐఎస్‌ఐ గుర్తు ఉన్న మోనోబ్లాక్ గాని సబ్‌మర్సిబుల్ గాని. రెండు, రాపిడి లేని ఫుట్‌వాల్వు. మూడు, హెచ్‌డీపీఈ గాని గట్టి పీవీసీ గాని పైపులు. నాలుగు, మోటరుకు తగ్గ కెపాసిటర్. చూసిన్రా? పాతికేండ్ల కింద గుజరాత్ పొలాలల్ల తేలిన సంగతులే మన ఊరి కరెంటు ఆఫీసు నోటీసు బోర్డు మీదికి వచ్చినయి. పరిశోధన రైతు దాకా రావుడు అంటే ఇదే.

వచ్చింది గాని నిలబడ్డదా? పైపుల షరతు అడగకముందే తీరింది. బావుల జాగల బోర్లు వచ్చి సబ్‌మర్సిబుల్ దిగినంక ఫుట్‌వాల్వు ముచ్చటే పోయింది. మోటరు షరతు సగం సగం. కెపాసిటర్ మాత్రం చాలా చోట్ల కనెక్షన్ కోసం బిగించుడు, తర్వాత తీగ పీకుడు. మా దిక్కు చాలా స్టార్టర్ డబ్బాలల్ల నేనే చూసిన, కెపాసిటర్ ఉంటది, దానికి పోయే తీగ ఉండదు. 'అది పెడితే మోటరు కాలుతది' అని ఎవరో అన్నరు, అందరూ నమ్మిన్రు.

అందుకే కెపాసిటర్ ఏం చేస్తదో జర నిదానంగ చెప్త. ఇది సమజయితే మిగిలిన చరిత్ర సమజయితది.

మోటరు రెండు రకాల కరెంటు గుంజుతది. ఒకటి నీళ్లు ఎత్తే పని చేసే కరెంటు. రెండోది మోటరు లోపల అయస్కాంతం పుట్టిచ్చేటందుకు వచ్చి పోయే కరెంటు. ఈ రెండోది పని చేయది, ఖర్చు కాదు, కాని తీగల మీద తిరుగుతనే ఉంటది. మార్కెట్‌కు వడ్లు తోలే తొవ్వ మీద ఖాళీ ట్రాక్టర్లు ఊకె అటు ఇటు తిరిగినట్టు. వడ్లు తోలవు గాని తొవ్వ నిండుతది. కెపాసిటర్ పెడితే ఆ వచ్చిపోయే కరెంటుల కొంత మోటరు కాడనే తయారయితది. ఖాళీ ట్రాక్టర్లు తొవ్వ ఎక్కవు.

లెక్క చూడుండ్రి. 5 హెచ్‌పీ మోటరు కెపాసిటర్ లేకుంటే లైను నుంచి సుమారు 10 ఆంపియర్లు గుంజుతది. దానికి సరిపోయే 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే 8 ఆంపియర్ల కాడికి దిగుతది. తీగల వేడి కింద పోయే కరెంటు ఆంపియర్ల వర్గం లెక్కన పెరుగుతది, తగ్గుతది. పదికి ఎనిమిది అయితే ఆ నష్టం మూడో వంతు దాకా తగ్గినట్టు. ఇంకో లెక్క. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద కెపాసిటర్లు లేని 5 హెచ్‌పీ మోటర్లు 14 నడిస్తే నిండిపోతది. అందరికీ కెపాసిటర్లు ఉంటే అదే ట్రాన్స్‌ఫార్మర్ 16, 17 మోటర్లను మోస్తది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఆఫీసు చుట్టూ తిరుగుడు, డీడీలు కట్టుడు, ఏండ్లు ఎదురుచూసుడు లేకుండనే రెండు మూడు మోటర్ల బలం వచ్చినట్టు.

ఇప్పుడు అసలు తిరకాసు. కెపాసిటర్ లాభం పెట్టినోడి మోటరుకు వచ్చేది తక్కువ. లాభమంతా లైనుకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు. నేనొక్కన్నే పెడితే లైనుల వోల్టేజీ వెంట్రుకవాసి పెరుగుతది. పద్నాలుగు మందిల పదముగ్గురు పెట్టకుంటే ఆ వెంట్రుకవాసి ఏడ ఆనుతది? అదే పద్నాలుగు మంది పెడితే ఆఖరు పోలు కాడి మోటరు కూడ దమ్ము పీల్చుకుంటది. వోల్టేజీ తక్కువైతే మోటరు ఎక్కువ ఆంపియర్లు గుంజి వేడెక్కి కాలుతది. ఒకడి మోటరు కాలుడుకు వాడి మోటరు ఒక్కటే కారణం కాదు, చుట్టుపక్కల మోటర్లన్నీ కారణమే. పైపు ముచ్చట వేరు, కెపాసిటర్ ముచ్చట వేరు అన్నది అందుకే. పైపు లాభం ఎవరిది వాళ్లకే, కాబట్టి ఎవరికి వాళ్లు మార్చుకున్నరు. కెపాసిటర్ లాభం అందరిది, కాబట్టి ఎవరూ పెట్టలేదు.

ఇగో, ఇక్కడ మన సిరిసిల్ల మళ్ల వస్తది.

జర్మనీ సర్కారు విద్య, పరిశోధన మంత్రిత్వ శాఖ ప్రపంచంల పెరుగుతున్న పెద్ద పట్నాల మీద పరిశోధనకు పైసలు ఇచ్చింది. అందుల హైదరాబాద్ ఒకటి. బెర్లిన్‌ల హంబోల్ట్ విశ్వవిద్యాలయం ముందుండి 2008 నుంచి 2013 దాకా ఆ పని చేసింది. హైదరాబాద్ కరెంటు ముచ్చట చూడబోతే పల్లెల మోటర్ల ముచ్చట తగిలింది, ఎందుకంటే రాష్ట్రంల కరెంటుల పెద్ద వాటా మనమే వాడుతున్నం. క్రిస్టియన్ కిమ్మిక్, జూలియన్ సాగెబీల్ అనే పరిశోధకులు, వాళ్ల తోటివాళ్లు మన పల్లెలల్ల తిరిగి రైతులతోని మాట్లాడిన్రు. ప్రయోగం చేసేటందుకు మన సెస్‌తోని కలిసి సిరిసిల్ల దిక్కు ట్రాన్స్‌ఫార్మర్ల కింద కెపాసిటర్లు పెట్టించి చూసిన్రు. 2015ల ఆ పని మీద పుస్తకం కూడ వచ్చింది.

సిరిసిల్లనే ఎందుకు? ఎందుకంటే ఆడ కరెంటు సంఘం రైతులదే. సభ్యుడికి, సంఘానికి నడుమ మాట నడుస్తది. 1970ల పెట్టిన ఒక ప్రయోగం నలభై ఏండ్లకు ఇంకో ప్రయోగానికి జాగ ఇచ్చింది.

వాళ్లు చెప్పింది మన ఊరి భాషల చెప్త. మోటర్లు కాలుడు, ట్రాన్స్‌ఫార్మర్లు పేలుడు రైతు తెలివి తక్కువతనంతోని కాదు. పక్కోడు పెట్టకుంటే నేను పెట్టుడు దండుగ, అందరూ పెడితే నేను పెట్టకపోవుడు దండుగ. రెండూ తెలివైన లెక్కలే. అందుకే ఊరు రెండు తీర్ల గట్టిగ కుదురుకుంటది. ఎవ్వరికీ లేకుండ ఒక తీరు, అందరికీ ఉండి ఒక తీరు. నడుమ నిలబడది. ఒక తీరు నుంచి ఇంకో తీరుకు పోవాలంటే ఒక్కొక్క రైతుకు సలహా చెప్తే కాదు, ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులందరిని ఒక్క కాడ కూసోబెట్టాలె. లెక్కకు రావాల్సింది మోటరు కాదు, ట్రాన్స్‌ఫార్మర్.

ఈ ఒక్క మాట మన సర్కారు పథకాలల్ల తక్కువ కనబడతది. 2001ల ఇంధన పొదుపు చట్టం వచ్చింది. 2002ల ఢిల్లీల బీఈఈ అనే సంస్థ వచ్చింది. ఫ్యాన్లకు, ఫ్రిజ్‌లకు నక్షత్రాలు వేసేది అదే. పంపుసెట్లకు కూడ నక్షత్రాలు పెట్టిన్రు. మహారాష్ట్ర సోలాపూర్ జిల్లా మంగళవేఢె కాడ రైతుల పాత పంపులు మార్చే మొదటి ప్రయోగం తలపెట్టిన్రు. 2009ల ఈఈఎస్‌ఎల్ అనే ఇంకో సర్కారు సంస్థ వచ్చింది, మన ఇండ్లల్ల ఎల్‌ఈడీ బల్బులు అగ్గువకు పంచింది అదే. అది ఆంధ్రల రైతుల పంపులు కూడ మార్చింది. ఇవన్నీ మంచి పనులే. బల్బు ముచ్చట దేశమంతా ఎందుకు గెలిచింది, పంపు ముచ్చట ఎందుకు నిదానంగ నడుస్తున్నది? బల్బు మారిస్తే ఇంటి బిల్లు తగ్గుతది. పంపు మారిస్తే మనకు తగ్గే బిల్లు లేదు.

ఇంకో దిక్కు లైన్లు మార్చే పని జరిగింది. ఒక్క పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొడుగు ఎల్‌టీ లైన్లు గుంజే బదులు 11 కేవీ లైను పొలాల దాకా తెచ్చి 15, 25 కేవీఏ చిన్న డబ్బాలు పెట్టుడు. దీన్ని హెచ్‌వీడీఎస్ అంటరు. జపాన్ అప్పు కూడ దీనికి వచ్చింది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కింద నలుగురే ఉంటే 'ఇది మనది' అన్న పట్టింపు వస్తది అన్నది అందుల ఉన్న తెలివి. చాలా చోట్ల పని చేసింది. కాని ఆ నలుగురిల ఇద్దరు పెద్ద మోటర్లు పెడితే చిన్న డబ్బా ఇంకా జల్దిన కాలుతది. మళ్ల అదే ముచ్చట, కలిసి లేకుంటే డబ్బా సైజు మనల్ని కాపాడది.

తెలంగాణ వచ్చినంక 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అప్పుడు సర్కారు ఊరూరికి వచ్చి ఆటోస్టార్టర్లు తీసేయమన్నది యాదికున్నది గదా? దాని వెనుక కూడ ఇదే లెక్క. మోటరు మొదలయ్యేటప్పుడు నడిచే కరెంటుకు అయిదారింతలు గుంజుతది. పోయిన కరెంటు వచ్చుడుతోనే ఆటోస్టార్టర్లు ఉన్న మోటర్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ నడుము ఇరుగుతది. ఏడు గంటల కరెంటు ఉన్న రోజులల్ల అర్ధరాత్రి పాములల్ల, తేళ్లల్ల పోకుండ ఆటోస్టార్టర్ మన పాణం కాపాడింది. దినమంతా కరెంటు ఉన్నప్పుడు అదే మన ట్రాన్స్‌ఫార్మర్ పాణం తీస్తది. చాలా ఊర్లల్ల మనోళ్లు మాట్లాడుకోని తీసేసిన్రు. అంటే కలిసి ఒక పని చేయుడు మనకు చేతకాదన్నది అబద్ధం.

ఒక మాట దాచుకోకుండ చెప్పాలె. మంచి మోటరు, మంచి వోల్టేజీ వస్తే నీళ్లు ఎక్కువ వస్తయి. భూమిల నీళ్లు మాత్రం ఎక్కువ కావు. ఆదా అయిన కరెంటును ఇంకో రెండు గంటలు మోటరు నడిపిచ్చుడుకు వాడితే బోర్లు ఎండుడు ఒక్కటే మిగులుతది. నిర్మల్, జగిత్యాల దిక్కు పసుపు, మక్కలు వేసేటోళ్లకు, వరి కాడ బోరు మీదనే బతికేటోళ్లకు ఈ సంగతి నేను చెప్పుడు అక్కరలేదు. కెపాసిటర్ మోటరును కాపాడతది, నీళ్లను కాపాడుడు మళ్ల మన చేతులనే.

ఇగ మనం ఏం చేయాలె?

యాసంగిల మోటరు కాలితే ఏమయితదో తెల్వనోడు మనలో లేడు. మార్చి ఎండల మోటరు పైకి గుంజుడు, ట్రాలీ కిరాయి, మేస్త్రీ కాడ వరుస, వైండింగ్‌కు వేలు, ఈలోపట పొట్టదశల వరి నెర్రెలు బాయుడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఒక్కడిది కాదు, పదిమంది పొలం ఎండుతది. ఇంకొకటి. లోడెక్కువై ఫ్యూజు కొట్టేసినప్పుడల్లా లైన్‌మన్ కోసం ఆగలేక మనోళ్లే గద్దె ఎక్కుతున్నరు. అట్ల పోయిన పాణాలు ఏ ఊర్ల లేవు? లోడు తగ్గితే ఫ్యూజు కొట్టేసుడు తగ్గుతది, గద్దె ఎక్కే అక్కర తగ్గుతది. నా లెక్కల కెపాసిటర్‌కు అన్నిటికంటె పెద్ద లాభం ఇదే. ఏ పరిస్థితుల్లనూ గద్దె మాత్రం ఎక్కకుండ్రి తమ్ముళ్లూ, లైన్‌మన్‌నే పిలవండ్రి.

నాట్లకు ముందే ఒక పొద్దుగాల మీ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నోళ్లందరూ ఒక్క కాడ కూసోండ్రి. ఎన్ని మోటర్లు, ఎవరిది ఎన్ని హెచ్‌పీ, నిజమైన లెక్క రాసుకోండ్రి. కాగితం మీద 3, లోపల 5 అన్నది మన నడుమ దాచుకుంటే మనకే నష్టం. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్, 7.5 హెచ్‌పీకి 3, 10 హెచ్‌పీకి 4, ఈ లెక్కన ఐఎస్‌ఐ కెపాసిటర్లు అందరివి ఒక్కసారి కొనుండ్రి. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోని, లైను బంద్ చేయించి, ఒక్కటే రోజు అందరివి బిగించుండ్రి. ఎక్కువ సైజుది పెడితే ఎక్కువ లాభం అనుకోకుండ్రి, అతి చేస్తే మోటరుకు చేటే. ఇంకా ఆటోస్టార్టర్లు ఉంటే అదే రోజు తీసేయుండ్రి. మోటరు కాలి కొత్తది కొనాల్సి వస్తే పాతదాన్ని నాలుగోసారి చుట్టించే బదులు నక్షత్రాలు ఉన్నది అడుగుండ్రి.

సర్కారును కూడ అడగాల్సింది ఉన్నది. అర్ధ శతాబ్దం పరిశోధనకు పైసలు పెట్టిన్రు, ఏం చేయాలో తేలింది. ఇప్పుడు రైతుకొక్కడికి సబ్సిడీ అని కాకుండ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇన్ని అని కెపాసిటర్లు ఇయ్యమని అడుగుదాం. ఆదా అయ్యేది వాళ్ల కరెంటే, మిగిలేది వాళ్ల ట్రాన్స్‌ఫార్మరే. అందులకెల్లి కొంత మన మీద పెడితే వాళ్లకే లాభం. సెస్ కింద ఉన్న సిరిసిల్ల, వేములవాడ దిక్కు అన్నలకు అయితే ఇంకా అల్క. మీ డైరెక్టర్లను మీరే ఎన్నుకున్నరు, సభల లేచి అడుగుండ్రి.

తెలంగాణల పాతిక లక్షలకు పైనే వ్యవసాయ మోటర్లు ఉన్నయి. 'ఇంత కరెంటు ఉచితంగ ఎట్ల ఇస్తరు' అని పట్నంల కూసున్నోళ్లు ఎప్పుడూ అంటనే ఉంటరు. ఏదో ఒక రోజు మళ్ల మీటరు ముచ్చట వస్తది. ఆ రోజు మనం 'మా ట్రాన్స్‌ఫార్మర్ కింద దండుగ లేదు, వచ్చి చూసుకోండ్రి' అని చెప్పేటట్టు ఉండాలె.

మీ ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏ, దాని కింద ఎన్ని మోటర్లు, పోయిన యాసంగిల ఎన్ని కాలినయి, కింద రాయుండ్రి. కెపాసిటర్లు అందరూ కలిసి పెట్టిన ఊరు ఏదన్న ఉంటే పేరు చెప్పుండ్రి. మిగిలినోళ్లం పోయి చూసి వస్తం.